ఆరని బోర్డు

మే 4

అక్కయ్యకు,

నీ ఉత్తరం అందింది. నేను బాగున్నాను. బావగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

ఇక్కడ విశేషాలేం లేవు. ఆఫీసు వాళ్ళు పిలిచారు. వెళ్ళాను. పని ఇచ్చారు.

ఎండలు ముదిరాయి.

ఉంటాను,
తమ్ముడు

*

మే 9

ఒరేయ్ తమ్ముడూ,

అది ఉత్తరమా, మందు సీసా మీద చీటీయా? మా ఆసుపత్రిలో రోగి మంచానికి తగిలించే కాగితం మీద కూడా అంతకన్నా ఎక్కువ రాసేవాళ్ళం. పోనీ ఫోన్ పెట్టించుకుంటావా అంటే అదీ లేదు. అవతలినుంచి ఎవరైనా "హలో" అంటే నీకు చెమటలు పడతాయి. నీకు తగ్గట్టు నేనూ ఈ కాలంలో కూచుని ఉత్తరాలు రాస్తున్నాను. పోస్టుమాన్ నన్ను చూసి జాలిపడుతున్నాడు.

సరే, సంతోషం. జీవితమంతా కొట్ల ముందు నిచ్చెనెక్కి బోర్డులు రాసినవాడివి, ఈ వయసులో ఆఫీసులో ఉద్యోగమంటే మాటలా! నీ ఉత్తరం చదవగానే మా వీధి మొత్తానికీ చెప్పాను. ఎదురింటావిడ "ఏ పోస్టు?" అని అడిగింది. తెలియదు కాబట్టి "పెద్దదే" అన్నాను. ఏ పోస్టో వెంటనే రాయి. ఆవిడ రోజూ అడుగుతోంది.

రెండు కొత్త చొక్కాలు కుట్టించుకో. రంగు మరకలున్నవి వేసుకుని వెళ్ళకు. ఎవరైనా మాట్లాడిస్తే నేల చూపులు చూడకు. కనీసం బల్ల చూడు.

మీ బావగారు బాగానే ఉన్నారు. మోకాళ్ళు కాదు, మనిషే కదలడం లేదు. బస్‌స్టాండులో ముప్ఫై ఏళ్ళు మైకులో బస్సులన్నిటినీ కదిలించిన మనిషి, రిటైరయ్యాక కుర్చీలోంచి లేవడం లేదు. పొద్దుటినుంచీ ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. నేనే ఇద్దరి బదులూ మాట్లాడుకుంటున్నాను.

నీ గురించి గర్వపడుతున్న
అక్కయ్య

*

మే 14

అక్కయ్యకు,

ఉద్యోగం కాదు. బోర్డు రాసే పని. ఎదురింటావిడకి చెప్పు.

మా వీధి వెనక ఒక దిబ్బ ఉంది. నీకెప్పుడూ చెప్పలేదేమో. చెప్పడానికి ఏమీ లేదు కూడా. ముళ్ళపొదలు, మోకాలెత్తు గడ్డి. ఒక పక్క పల్లంలో నీళ్ళు, రెల్లు. తూనీగలు తిరుగుతుంటాయి. రోజూ పొద్దున్నే అక్కడికి వెళ్ళి ఒక రాయి మీద కూచుంటాను. అక్కడ నన్నెవరూ ఏమీ అడగరు. ఇన్నేళ్ళుగా అలాగే.

ఆ దిబ్బని చదును చేసి మున్సిపాలిటీ వాళ్ళు షాపులు కడతారట. కింద కార్లు పెట్టుకోడానికి చోటు. కట్టే ముందు అక్కడ ఒక బోర్డు పెట్టాలి. అభ్యంతరాలుంటే చెప్పుకోండి అని. ఆ బోర్డు రాసి, పాతిపెట్టే పని నాకిచ్చారు. కాదనలేకపోయాను.

రాశాను. పాతలేదు. స్తంభం ఎక్కడ పాతాలో ఇంజనీరు సున్నంతో గుర్తు పెట్టి వెళ్ళాడు. సరిగ్గా ఆ గుర్తు మీద తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. అది గూడు కట్టదు. నేల మీద గులకరాళ్ళ మధ్యే పెడుతుంది. దగ్గరికి పోతే నెత్తి మీద తిరుగుతూ ఒకటే అరుపు.

ఇంజనీరుకి చెబుదామని వెళ్ళాను. ఆయన "బోర్డు అయిందా?" అన్నాడు. నోరు తెరిచాను. మాట రాలేదు. చివరికి "ఇంకా ఆరలేదండి" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఆయన సరేనన్నాడు.

బావగారికి నమస్కారాలు.

తమ్ముడు

*

మే 18

తమ్ముడూ,

ఈ ఉత్తరం అందగానే చేతిలో ఉన్న పని పక్కన పడేసి అద్దం ముందు నిలబడు. పళ్ళు కనపడేలా నవ్వు. మూతి ఒక పక్కకి లాగుతోందా? రెండు చేతులూ పైకెత్తు. ఒకటి కిందికి జారుతోందా? నీ పేరు, నా పేరు గట్టిగా పలుకు. నోరు తెరిస్తే మాట రాలేదని ఎంత నిదానంగా రాశావురా! పక్షవాతం అలాగే మొదలైన వాళ్ళని వార్డులో ఎంతమందిని చూశాను! అందరూ ముందు "ఏమీ లేదు సిస్టరుగారూ" అన్నవాళ్ళే.

పైగా రంగు ఆరలేదంటున్నావు. మండుటెండల్లో రంగు ఆరకపోవడమేమిటి? చెయ్యి వణికి పొర మందంగా వేసుంటావు. నాకు తెలుసు.

మాత్రలు పార్సిలు చేశాను. తెల్లవి పొద్దున, పచ్చవి రాత్రి. ఉప్పు మానెయ్. నిచ్చెన ఎక్కకు. దిబ్బలూ ఎక్కకు.

పిట్ట సంగతంటావా, ఆ గుడ్లు నాలుగూ చేత్తో తీసి పక్కన పెట్టు. దాని కోసం ఇంత రాద్ధాంతమా?

ఎదురింటావిడకి నేనేమీ చెప్పను. నువ్వు సెలవులో ఉన్నావన్నాను.

కంగారుతో,
అక్కయ్య

*

మే 25

అక్కయ్యకు,

నాకే జబ్బూ లేదు. అద్దంలో నవ్వాను. మూతి సరిగానే ఉంది. రెండు చేతులూ పైకెత్తి నీ పేరు గట్టిగా పలుకుతుండగా ఇంటి ఓనరావిడ తలుపు తీసింది. ఆవిడ వెళ్ళి టీకొట్టాయనకి చెప్పింది.

ఆయన వెంటనే వచ్చాడు.

"పెయింటరుగారూ, ఏమిటి సంగతి? అద్దం ముందు చేతులెత్తి ఉపన్యాసం ప్రాక్టీసు చేస్తున్నారట?"

"లేదండీ" అన్నాను.

"ఆ బోర్డు మూడు వారాల నుంచీ ఆరడం లేదట?"

"ఆరలేదండి."

ఆయన నా వంక చూసి కన్నుకొట్టాడు. "అర్థమైంది సార్. మీరింకేం చెప్పొద్దు. గోడలకి చెవులుంటాయి." వెళ్ళిపోయాడు.

విషయమేమిటంటే, ఆ బోర్డు నెల రోజులు నిలబడితే గానీ పని మొదలుపెట్టకూడదట. బోర్డు పాతకపోతే ఆ నెల మొదలే కాదు. ఈ సంగతి నాకు తెలియదు. టీకొట్టాయనకి తెలుసు. నేను కావాలనే ఆఫీసుని ఆపి పెట్టానని వీధంతా చెప్పాడు. అందరూ వచ్చి చేతులు కలుపుతున్నారు. కిరాణా కొట్టావిడ బిస్కట్లిచ్చింది. డబ్బు తీసుకోలేదు. కాదు, నేను పిట్ట కోసమే ఆగానని చెబుదామనుకుంటాను. ఈలోగా వాళ్ళు చేతులు కలిపేసి వెళ్ళిపోతున్నారు.

గుడ్లు చేత్తో తీయకూడదు. మళ్ళీ వచ్చి పొదగదేమోనని భయం.

ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. సామానంతా గదిలోంచి తీసి మెట్ల మీద పెట్టాను. రాయడానికి బల్ల కూడా లేదు. నిలబడి రాస్తున్నాను.

మాత్రలు అందాయి.

తమ్ముడు

*

మే 29

ఒరేయ్,

ఇక నువ్వు మాట్లాడకు. అంటే, రాయకు.

ఆఫీసు వాళ్ళు నోటీసిచ్చి నీ సామాను మెట్ల మీద పడేస్తే, ఆ ముక్క మాత్రల ముక్కకి పైన రాస్తావా? వీధిన పడ్డ మనిషివి, నిలబడి ఉత్తరం రాస్తున్నావంటే నాకు ముద్ద దిగడం లేదు.

మీ బావగార్ని పొద్దుటి బస్సుకి పంపిస్తున్నాను. రెండు జతల బట్టలు, ఒక ఖాళీ ట్రంకు పెట్టె ఇచ్చాను. నీ సామాను ఆ పెట్టెలో సర్దుకుని ఆయన వెంట వచ్చెయ్. వెనక గది కడిగించాను. కిటికీకి తెర కుట్టాను. మంచం నీ పొడుగుకి సరిపోతుంది, కొలిచాను. ఇక ఇక్కడే ఉంటావు. ఇందులో నీ అభిప్రాయమేమీ నేను అడగడం లేదు.

ఆయనకి దారిలో ఎవరితోనూ మాట్లాడొద్దని చెప్పాను. అవసరం లేదనుకో, ఆయనకి మాటలే రావు.

అక్కయ్య

*

జూన్ 4

అక్కయ్యకు,

బావగారు క్షేమంగా చేరారు.

ముందు ఒక సంగతి. నన్నెవరూ ఖాళీ చేయించలేదు. నా గదిలో వీధి వాళ్ళంతా మీటింగు పెట్టుకుంటామన్నారు. కాదనలేకపోయాను. కుర్చీలకి చోటు చాలక సామాను మెట్ల మీద పెట్టాను. నోటీసు వేరే. బోర్డు ఎందుకు ఆలస్యమైందో జూన్ 15న ఆఫీసుకి వచ్చి చెప్పమన్నారు. ఆ రెండూ పక్కపక్కన రాసి ఉంటాను. బల్ల లేకపోవడం వల్ల.

బావగారు సరిగ్గా మీటింగు మధ్యలో ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చారు. అందరూ లేచి నిలబడ్డారు. టీకొట్టాయన "తమరెవరు సార్?" అన్నాడు. బావగారు నా వైపు వేలు చూపించి "ఆయన కోసం వచ్చాను" అన్నారు. ఆ పెట్టె నిండా కాగితాలున్నాయనుకున్నారు వాళ్ళు. పెద్ద ఊరి నుంచి పెద్ద మనిషి వచ్చాడని ముందు వరుసలో కూచోబెట్టారు. రెండు మాటలు చెప్పమని మైకు చేతికిచ్చారు.

అక్కయ్యా, మైకు ఇచ్చింది నేను కాదు.

బావగారు మైకుని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. వేలితో కొట్టారు. గొంతు సవరించుకున్నారు. "దయచేసి వినండి" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. వీధి చివర కుక్క కూడా లేచి కూచుంది. "దిబ్బను చదును చేయుటకు వస్తున్న వాహనాలు ఎక్కడివక్కడే నిలిపివేయబడినవి. తదుపరి ప్రకటన వచ్చేవరకూ అవి బయలుదేరవు." చప్పట్లు ఆగలేదు.

మర్నాడు ఆయన్ని కమిటీకి అధ్యక్షుణ్ణి చేశారు. నన్నూ అడిగారు. నేను నీళ్ళ కోసం వెళ్ళాను.

పెట్టె ఖాళీగానే ఉంది. కమిటీ వాళ్ళు దాని మీద కూచుంటున్నారు. బావగారి మోకాళ్ళు బాగున్నాయి. దిబ్బ రోజుకి రెండుసార్లు ఎక్కుతున్నారు.

తమ్ముడు

*

జూన్ 8

తమ్ముడూ,

నా మొగుణ్ణి నాకు పంపించు.

నిన్ను తీసుకురమ్మని పంపితే ఆయన్నే అక్కడ ఉంచేసుకుంటారా? ఆయన నుంచి నాకొక కార్డు వచ్చింది. అందులో ఏముందో తెలుసా? "పోరాటం ఉధృతంగా సాగుచున్నది. నా రాక గురించిన సమాచారం తరువాత తెలియజేయబడుతుంది. అసౌకర్యానికి చింతిస్తున్నాము." అంతే. చింతిస్తున్నాడట! నలభై ఏళ్ళ సంసారంలో నాతో మొత్తం కలిపి అన్ని మాటలు మాట్లాడలేదురా ఈయన. ఎందుకు మాట్లాడలేదంటావు?

ఆయనకి చెప్పు: తెల్ల మాత్ర పొద్దున, పచ్చది రాత్రి. నీకు పంపినవే ఆయనకీ సరిపోతాయి. రెండు జతల బట్టలతో పోయిన మనిషి, ఉతుక్కోవడం కూడా రాదు.

ఎదురింటావిడ "మీవారు కనపడడం లేదే?" అంటోంది. నువ్వు సెలవులో ఉన్నావనీ, ఆయన నీ పోస్టు చూసుకుంటున్నాడనీ చెప్పాల్సి వచ్చింది.

ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. ఆయన ఉన్నప్పుడూ నిశ్శబ్దంగానే ఉండేది గానీ, ఆ నిశ్శబ్దం వేరు.

అక్కయ్య

*

జూన్ 11

అక్కయ్యకు,

బావగారు ఎందుకు మాట్లాడలేదో నాకు తెలియదు. సందు దొరకలేదేమో.

ఒక చిక్కు వచ్చింది. నిన్నే అడగాలి. ఇంకెవరూ లేరు.

గుడ్లు పిల్లలయ్యాయి. ఎంత ఉన్నాయనుకున్నావు, బొటనవేలంత. పుట్టిన పూటే లేచి పరుగెత్తుతున్నాయి. తల్లి ముందు, అవి వెనక, పల్లంలో రెల్లు లోపలికి పోయాయి. సున్నం గుర్తు దగ్గర ఇప్పుడు పెంకులు తప్ప ఏమీ లేవు.

అంటే బోర్డు పాతడానికి అడ్డం లేదు. నిజానికి బోర్డు రాసిన మర్నాడే ఆరింది.

వీధి వాళ్ళకి ఈ సంగతి తెలియదు. బావగారు ప్రతి మీటింగులోనూ "మా బావమరిది మాట్లాడడు. ఆయన మౌనం వెనక ఒక పథకం ఉంది" అని చెబుతున్నారు. అందరూ నా వైపు చూసి తలలూపుతున్నారు. నా దగ్గర పథకం లేదు. ఒక పిట్ట ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

15న ఆఫీసులో అడిగితే ఏం చెప్పాలి? పిట్టని చూపించి తప్పించుకుందామనుకున్నాను. ఇప్పుడు బోర్డు పెట్టనంటే, కాదన్నది నేనే అన్నట్టవుతుంది. నేనెప్పుడూ ఎవర్నీ కాదనలేదు. నీకు తెలుసు. పెడితే దిబ్బ పోతుంది. పొద్దున్నే ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలియదు.

వెంటనే రాయి. నువ్వెలా చెబితే అలా చేస్తాను.

తమ్ముడు

*

జూన్ 14

తమ్ముడూ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. పోస్టుమాన్‌ని గుమ్మంలో నిలబెట్టి రాస్తున్నాను.

విను. ఆఫీసు వాళ్ళతో పెట్టుకోకు. నిజం చెప్పెయ్. "పొరపాటైంది, క్షమించండి" అను. బోర్డు పాతెయ్. దిబ్బదేముంది, ఎక్కడైనా ఒక రాయి ఉంటుంది, కూచోవచ్చు. మా డాబా మీద కూడా కూచోవచ్చు, గాలి బాగా వస్తుంది. పని కాగానే మీ బావగార్ని, ట్రంకు పెట్టెని తీసుకుని మొదటి బస్సెక్కు. మైకు తీసుకురానివ్వకు.

భయపడకు. నేనున్నాను.

అక్కయ్య

*

జూన్ 17

అక్కయ్యకు,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. విచారణ మొన్ననే అయిపోయింది. ముందే అంది ఉంటే నువ్వు చెప్పినట్టే చేసేవాణ్ణి. ఎప్పుడూ అలాగే చేశాను కదా. అందలేదు. అందుకని ఇలా జరిగింది. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఈసారి బల్ల ఉంది.

పొడుగాటి గది. పొడుగాటి బల్ల. ఫ్యాను తిరిగినప్పుడల్లా టకటకమంటుంది. కాగితాలు ఎగరకుండా వాటి మీద రాళ్ళు పెట్టారు. బల్లకి ఆ చివర పెద్దాఫీసరు. ఆవిడ. పక్కన గుమాస్తా, ఇంజనీరు. ఈ చివర నేను. నా వెనక మా వీధి వీధంతా. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. నేను బల్ల చూస్తూ కూచున్నాను, నువ్వు చెప్పినట్టు.

మొదట బావగారు లేచారు. మైకు లేకపోయినా ఆ గొంతుకి అద్దాలు అదిరాయి. దిబ్బ గురించి, గాలి గురించి, రాబోయే తరాల గురించి మాట్లాడారు. మధ్యలో ఒకసారి "సామాను మరచిపోకండి" అన్నారు. ఎందుకో తెలియదు. అలవాటు. ఆవిడ చాలాసేపు విని, "మీరెవరండీ?" అని అడిగింది.

"ప్రజల గొంతునమ్మా."

"ఆ గొంతుకి కాసిని మంచినీళ్ళివ్వండి" అంది గుమాస్తాతో. బావగారు కూచున్నారు.

తర్వాత ఆవిడ నా వైపు తిరిగింది. "పెయింటరుగారూ, మీరు చెప్పండి. బోర్డు ఆరిందా?"

"ఆరిందండి" అన్నాను.

గదిలో గుసగుసలు. టీకొట్టాయన నుదురు కొట్టుకోవడం వినపడింది.

"ఎప్పుడు?"

"రాసిన మర్నాడేనండి."

"మరి ఇన్నాళ్ళూ ఆరలేదని చెప్పారే?"

పిట్ట సంగతి చెప్పాను. సున్నం గుర్తు, నాలుగు గుడ్లు, అన్నీ. అంతసేపు నేనెప్పుడూ మాట్లాడలేదు. మధ్యలో ఊపిరి తీసుకోవడం మరచిపోయాను. ఆవిడ అంతా విని "ఆ పిట్ట ఇప్పుడుందా?" అంది.

"లేదండి. పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయింది."

"అయితే ఇబ్బంది తీరిపోయింది. రేపు బోర్డు పెట్టేస్తారా?"

"పెట్టనండి."

అక్కయ్యా, ఆ మాట ఎవరన్నారా అని నేను వెనక్కి తిరిగి చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు. అప్పుడు తెలిసింది నేనే అన్నానని.

"ఎందుకు?" అంది ఆవిడ.

"ఆ చోటు నాకు కావాలండి."

"దేనికి?"

అబద్ధం ఏదీ తోచలేదు. "ఊరికే కూచోడానికండి" అన్నాను.

నవ్వారు. అందరూ. గుమాస్తా కాగితం తిరగేసి, "ఆ అవసరం మన కాలమ్‌లో లేదు మేడమ్. ఆటస్థలం, పార్కు, వాహనాల నిలుపుదల. ఈ మూడే ఉన్నాయి" అన్నాడు. నేల కనపడితే అందులోకి దిగిపోదామనిపించింది.

అప్పుడు కిరాణా కొట్టావిడ అరిచింది. "ఎందుకయ్యా నవ్వుతారు? నేనూ ఊరికే కూచోడానికే పోతాను అక్కడికి. మధ్యాహ్నం కొట్టు మూసి. ఇంట్లో ఏడుగురం. ఒక్కళ్ళూ నోరు ముయ్యరు."

ఆవిడ భర్త పక్కనే ఉన్నాడు. "నువ్వు మధ్యాహ్నం బ్యాంకుకి కదా పోయేది?"

"ఏళ్ళ తరబడి రోజూ బ్యాంకుకి పోవడానికి మనకేముందయ్యా అక్కడ?"

మళ్ళీ నవ్వారు గానీ, ఈసారి వేరేగా నవ్వారు. ఇస్త్రీ ఆయన గొంతు సవరించుకుని, తనూ పోతానన్నాడు. పొయ్యి వేడికి తల తిరిగినప్పుడు. క్షవరాల షాపాయన, "పొద్దంతా జనం చెప్పేవన్నీ వినాలి కదండీ. చెవులు కడుక్కోడానికి పోతాను" అన్నాడు. మా ఇంటి ఓనరావిడ చెయ్యెత్తింది. టీకొట్టాయన కూడా ఎత్తాడు. "నేను రహస్యంగా" అన్నాడు.

ఇన్నేళ్ళూ ఆ దిబ్బ మీద నేనొక్కణ్ణే అనుకున్నాను. ఒకరి కంట ఒకరు పడకుండా ఇంతమందిమి పోతున్నాం.

చివరికి ఇంజనీరు లేచాడు. మొహం ఎర్రబడింది. "మేడమ్, నేను కూడా. సాయంత్రం ఆఫీసయ్యాక ఒక సిగరెట్టు... మా ఆవిడకి తెలియదు. రికార్డులో రాయకండి."

పెద్దాఫీసరు ఆయన వైపు తిరిగింది. "రంగు ఆరలేదంటే ఇన్ని వారాలు మీరు ఒక్కసారైనా వెళ్ళి వేలు పెట్టి చూడలేదేమా అనుకున్నాను" అంది. ఆయనా బల్ల చూశాడు. ఇద్దరం బల్ల చూశాం.

"రాసుకోండి" అంది గుమాస్తాతో. "స్థలం ప్రస్తుత వినియోగం: ఊరికే కూచోడానికి."

"ఏ కాలమ్‌లో మేడమ్?"

"ఖాళీగా ఉన్నదాంట్లో."

పైవాళ్ళకి రాస్తానంది. వాళ్ళేమంటారో తనకీ తెలియదంది. బయటికొచ్చాక టీకొట్టాయన నా చెయ్యి పట్టుకుని "పథకమంటే ఇదన్నమాట!" అన్నాడు. కాదని చెప్పాను. నమ్మలేదు.

బావగార్ని ఇవాళ బస్సెక్కించాను. రానన్నారు. నీ ఉత్తరం చూపించాను. వచ్చేస్తున్నారు.

తమ్ముడు

*

జూన్ 24

తమ్ముడూ,

మీ బావగారు చేరారు. చేరారంటే ఏమిటి, "ప్రయాణికులారా" అంటూ గుమ్మంలో దిగారు. వీధి వీధంతా బయటికొచ్చింది.

ఏం చేసి పంపారురా ఈయన్ని? పొద్దున లేచి కూచుంటే, "వంటింటి నుంచి హాలుకు రావలసిన కాఫీ పది నిమిషాలు ఆలస్యముగా నడుచుచున్నది" అంటాడు. కూరలో ఉప్పు తక్కువైతే తిని ఊరుకునే మనిషి, ఇప్పుడు ప్రకటిస్తున్నాడు. ఎదురింటావిడ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని మరీ వింటోంది. నిన్న మా వీధి కుళాయి రాలేదని పదిమందిని వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. నీళ్ళు వచ్చాయి, అది వేరే సంగతి. అక్కడ ఇంకేదైనా పోరాటం మిగిలిందా? ఉంటే రాయి, రెండు వారాలకి పంపిస్తాను.

నువ్వు "పెట్టనండి" అన్నావని ఆయన చెబితే నేను నమ్మలేదు. నా బడి సంచీ, నీ బడి సంచీ రెండూ నువ్వే మోసేవాడివి. నా పెళ్ళయ్యేదాకా మోశావు. ఒక్కనాడూ బరువన్లేదు. మూడుసార్లు చెప్పించుకున్నాను ఆయన చేత. మూడోసారి "ఆ మాట ఎలా అన్నాడో అలాగే అనండి" అన్నాను. చాలా మెల్లగా అన్నాడు. మీ బావగారికి అంత మెల్లగా మాట్లాడడం వచ్చని నాకు తెలియదు. నేను లేచి లోపలికి వెళ్ళాను. పొయ్యి మీద ఏమీ లేదు, ఊరికే వెళ్ళాను.

సరే, చేయాల్సింది చేశావు. నీ బాధ్యత అయిపోయింది. ఇక వచ్చెయ్. ఆ పైవాళ్ళే ఏదో తేలుస్తారు. వెనక గది అలాగే ఉంది. మంచం మీద దుప్పటి మార్చాను. నెలాఖరుకి ఆయన్ని పంపుతాను, ఈసారి పెట్టె లేకుండా. నువ్వొక్కడివీ అక్కడ ఏం చేస్తావు?

ఎదురుచూస్తూ,
అక్కయ్య

*

జూలై 20

అక్కయ్యకు,

ఆలస్యమైంది. పైనుంచి కబురు వచ్చాక రాద్దామనుకున్నాను. వచ్చింది. షాపులు మూతపడ్డ మిల్లు స్థలంలో కడతారట. దిబ్బ జోలికి రారు. బోర్డు వాపసు ఇమ్మన్నారు. ఇంజనీరు స్వయంగా వచ్చి తీసుకెళ్ళాడు. వెళుతూ వేలితో ముట్టుకుని, "ఆరిందండీ" అన్నాడు. మొదటిసారి ఇద్దరం నవ్వుకున్నాం.

బావగారికి చెప్పు. మెల్లగా చెప్పు, లేకపోతే అందరికీ చెబుతారు.

ఆ తర్వాత ఇంకో గొడవ మొదలైంది. కమిటీ వాళ్ళు దిబ్బ మీద సిమెంటు బెంచీలు వేద్దామన్నారు. దీపాలు పెడదామన్నారు. పొద్దున పాటలు వినపడేలా స్తంభానికి ఒక మైకు. నన్ను ద్వారానికి పెద్ద బోర్డు రాయమన్నారు. రంగురంగుల్లో. రాయనన్నాను. బెంచీలూ వద్దన్నాను. రాళ్ళున్నాయి కదా అన్నాను. టీకొట్టాయన, "మీరు ఈ మధ్య అన్నిటికీ కాదంటున్నారు పెయింటరుగారూ, టీలో రెండో చెంచా చక్కెర కూడా వద్దంటున్నారు" అన్నాడు. మొదట్నుంచీ నాకు ఒక్క చెంచానే ఇష్టం. చెప్పలేదంతే. వాళ్ళు రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడో రోజు బెంచీల మాట మానేశారు. మైకు మాట ఇంకా నడుస్తోంది. దానికీ కాదంటాను.

ఇప్పుడు పొద్దున నేనొక్కణ్ణే ఉండడం లేదు. విచారణ తర్వాత ఎవరికీ రహస్యం లేదు కదా. ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు వస్తున్నారు. ఒక పొద పక్కన కిరాణా కొట్టావిడ, ఇంకో పక్క క్షవరాల షాపాయన. కానీ ఒకటి. అక్కడ ఎవరూ ఎవర్నీ పలకరించడం లేదు. అలా ఉండాలని ఎవరూ చెప్పలేదు. ఎదురుపడ్డా కనపడనట్టే పోతున్నాం. కిందికి దిగాక మాత్రం నమస్కారాలు, ఆరోగ్యాలు, అన్నీ. మొదట నాకు బాధగా ఉండేది. ఇప్పుడు పర్వాలేదు. పక్కన మనుషులుండి కూడా మాట్లాడక్కర్లేకపోవడం నాకు ఇంతకుముందు తెలియదు. బాగుంది.

ఇక నీ సంగతి. రెండు రోజుల నుంచి కాగితం ముందు పెట్టుకుని కూచుంటున్నాను.

నేను రాను అక్కయ్యా.

కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా రాను. వెనక గదిలో ఎదురింటావిణ్ణి పెట్టు. ఆవిడెలాగూ సగం మీ ఇంట్లోనే ఉంటోంది.

నువ్వే రా. బావగారు ఎక్కడ కూచునేవారో నీకు చూపిస్తాను. పొద్దున్నే వెళదాం. ఇంటి దగ్గర్నుంచి దిబ్బ దాకా కాస్త దూరమే ఉంటుంది. దారంతా మాట్లాడు. వింటాను.

పైకెక్కాక మాత్రం వద్దు.

తమ్ముడు